ఆర్యభటాచార్యుని యుగగణితము

మన యిండ్లలో నోము పట్టినను, పెండ్లి జరిగినను, గృహప్రవేశము చేసినను పురోహితుడు ముందుగా సంకల్పము చెప్పును. అందు బ్రహ్మదేవుని ఆయుర్దాయములో రెండవ సగము మొదలుకొని కల్పము, మన్వంతరము, యుగము, పాదము, సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము అని మెట్టుమెట్టుగా దిగివచ్చి, కర్త పీటపై కూర్చున్న ఆ దినమును నిర్ణయించును. ఎల్లరును విందురు. కాని కోట్ల సంవత్సరముల కొలతనుండి నేటి తిథివరకు లెక్క తప్పక దిగివచ్చుట ఎట్లని విచారించువారు అరుదు. పుట్లను తూములుగను, తూములను కుంచములుగను మార్చునట్లు, యుగములను దినములుగను, దినములను ఊపిరులుగను మార్చు విధానమును 121 శ్లోకముల చిన్న గ్రంథమున బిగించి మనకిచ్చిన మహనీయుడు ఆర్యభటాచార్యుడు. కర్త పేరును, అతని కాలమును స్పష్టముగ తెలిసిన మన జ్యోతిర్గణిత గ్రంథములలో ఆర్యభటీయమే మిక్కిలి ప్రాచీనమైనదిగా పండితులు గణించుచున్నారు.

తన వయస్సును గూడ ఆయన యుగముల లెక్కలోనే చెప్పుకొనెను. ప్రస్తుత మహాయుగమున మూడు పాదములును, నాలుగవ పాదమున అరువది అరువదుల సంవత్సరములును గడచునప్పటికి తాను పుట్టి 23 ఏండ్లైనవని ఆయన మాట. అరువది అరువదులనగా 3,600. కలియుగారంభమునుండి 3,600 సంవత్సరములు నిండినది క్రీ.శ. 499లో, కావున జననము 476. ఆ యిరువదిమూడవ యేటనే గ్రంథము రచించెనని పెక్కురందురు. గణితమునకు మూలముగా మాత్రమే ఆ సంవత్సరమును చెప్పెనని వ్యాఖ్యాతలలో కొందరి అభిప్రాయము. ఏది యెట్లున్నను, జాతకములు వ్రాయించుకొనుటకు ఆరాటపడు లోకమున, పుట్టిన తిథివారనక్షత్రములు చెప్పక, మహాయుగమున ఎంత భాగము గడచినప్పుడు తన కెన్నియేండ్లో చెప్పినవాడు ఈయన యొక్కడే కావచ్చును.

ఆయన తన విద్యను కుసుమపురమున ఆదరింపబడిన జ్ఞానముగా పేర్కొనెను. కుసుమపురమనగా పాటలీపుత్రమే, నేటి పాట్నా. ఒక శతాబ్దము పిమ్మట, 629 ప్రాంతమున, ఆర్యభటీయమునకు భాష్యము వ్రాసిన మొదటి భాస్కరుడు ఆచార్యుని అశ్మకదేశీయునిగా వ్యవహరించెను. అశ్మకము గోదావరీతీరమందలి ప్రాచీన జనపదము. దాని రాజధానిని నేటి నిజామాబాదు జిల్లాలోని బోధనుగా గుర్తించు చరిత్రకారులు కలరు. అంతమాత్రముచేత ఆయనను మనవాడని పత్రము వ్రాసికొనుట తొందరపాటగును. కేరళమువారికిని ఆ యభిమానము కలదు. తల్లిదండ్రుల పేరులు ఆయన వ్రాయలేదు. పాండురంగస్వామి, లాటదేవుడు, నిశ్శంకుడు అను శిష్యులు ఆయన పాదములకడ చదివిరని భాస్కరుడు చెప్పుచున్నాడు.

గ్రంథము నాలుగు పాదములు. గీతికాపాదమున 13 శ్లోకములు, గణితపాదమున 33, కాలక్రియాపాదమున 25, గోళపాదమున 50. వృత్తపరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తిని 62,832కు 20,000గా చెప్పుటయు, జ్యాగణితమును, గ్రహణములు నీడలవలన కలుగుననుటయు లోకమెఱిగినవే. ఇచట కాలమునకు సంబంధించినదే ప్రస్తుతము.

ఆయన కాలమానము ఇట్లుండును. సంవత్సరమునకు 12 మాసములు, మాసమునకు 30 దినములు, దినమునకు 60 ఘటికలు, ఘటికకు 60 విఘటికలు. విఘటికయనగా 60 గురువర్ణములను పలుకు కాలము, లేదా ఆరు ప్రాణములు. ప్రాణమనగా ఆరోగ్యవంతుడు ఒక ఊపిరి తీసి విడుచు కాలము. నేటి గడియారముతో సరిచూచిన ఘటిక 24 నిమిషములు, విఘటిక 24 సెకనులు, ప్రాణము 4 సెకనులు. దినమునకు ప్రాణములు 21,600. చక్రమున 360 భాగలు, భాగకు 60 కలలు; అవియును 21,600. భూమి యొక ప్రాణమున ఒక కల తిరుగునని ఆయన చెప్పినది ఇందువలననే. కాలపు కొలతయు, ఆకాశపు కొలతయు ఒకే అంకెకు వచ్చునట్లు ప్రమాణములు కూర్చబడినవి గనుక, ఒకదానినుండి వేరొకదానికి మార్చునపుడు గుణకార భాగహారముల పనియే లేదు.

ఇక పైమెట్లు. 30 మానవ సంవత్సరములు పితృదేవతలకొక సంవత్సరము. అట్టివి 12 కూడిన, అనగా 360 మానవ సంవత్సరములు, దేవతల కొక సంవత్సరము. అట్టి దివ్యసంవత్సరములు 12,000 ఒక మహాయుగము: 43,20,000 సౌరసంవత్సరములు. ఇంత పెద్ద అంకెలను శ్లోకములలో ఇముడ్చుటకు ఆయన ఒక అక్షరసంకేతము కల్పించెను. కకారము మొదలు మకారమువరకు 1 నుండి 25. యకారము 30, రకారము 40, ఇట్లు హకారమునకు 100. అచ్చులు స్థానములను తెలుపును: అకారము ఒకట్లు, ఇకారము వందలు, ఉకారము పదివేలు, ఋకారము పదిలక్షలు. ఖ్యుఘృ అను ఒక్క కూర్పులో ఖకారము 2, యకారము 30, రెంటికిని ఉకారము. కావున 32 పదివేలు, అనగా 3,20,000. ఘకారము 4, దానికి ఋకారము, 40 లక్షలు. మొత్తము 43,20,000. నోటికి కష్టమే. పిమ్మటివారు కటపయాదిని, భూతసంఖ్యలను ఆదరించిరి గాని దీనిని అనుసరింపలేదు. అయినను గ్రహములన్నిటి భగణములును గీతికాపాదమున కొన్ని పంక్తులలో ఇమిడినవన్న ఆ ఘనత ఈ సంకేతముదే.

ఒక మహాయుగమున సూర్యుని భగణములు 43,20,000, చంద్రునివి 5,77,53,336, భూమి తన చుట్టు తాను తిరుగునవి 158,22,37,500. ఈ మూడంకెలు చేతనుండిన, తక్కినవన్నియు తీసివేతలే. భూభ్రమణములనుండి సూర్యభగణములను తీసివేసిన మిగులునది సూర్యోదయముల సంఖ్య, అనగా సావనదినములు: 157,79,17,500. చంద్రభగణములనుండి సూర్యభగణములను తీసివేసినచో చాంద్రమాసములు: 5,34,33,336. సౌరమాసములు 43,20,000ను 12 చే గుణింపగా 5,18,40,000. చాంద్రమాసములు వీనిని మించినంత అధికమాసములు, 15,93,336. చాంద్రమాసములను 30 చే గుణించినచో తిథులు 160,30,00,080. ఇవి దినములను మించినంత క్షయతిథులు, 2,50,82,580. జమయు ఖర్చును సరిపోవు కవిలెకట్ట యిది. ఎచ్చటను ఒక్క ఒకటియైనను తేలిపోదు.

ఈ యంకెలతో ఆయన మూలసంవత్సరమునే మార్చిచూతము. మహాయుగమున 3,600 సంవత్సరములు 1,200వ వంతు. యుగదినములను 1,200 చే భాగింపగా 13,14,931¼ దినములు వచ్చును. సౌరమానమున పని ముగిసినది. కాని మన పండుగలును, మన తద్దినములును చంద్రుని వెంట నడచును. కావున అసలు చిక్కు ఇక్కడనే మొదలగును. 3,600 సంవత్సరములకు సౌరమాసములు 43,200. వానికి త్రైరాశికముచే పడు అధికమాసములు 1,327 నిండుగా, నూటికి డెబ్బదియెనిమిది పాళ్లు శేషము. నిండినవానిని మాత్రమే చేర్చగా చాంద్రమాసములు 44,527; తిథులు 13,35,810. వీనికి క్షయతిథులు 20,901 పూర్తిగా, కొంత శేషము. తీసివేయగా దినములు 13,14,909. ఇదియే అహర్గణము.

మొదటి లెక్కకును దీనికిని 22 దినములు తేడా వచ్చినదేమని సందేహింపవచ్చును. తప్పు లేదు. రెండవ లెక్క చైత్రశుక్లపాడ్యమి దగ్గర ఆగినది. మొదటిది సూర్యుడు మేషమున ప్రవేశించు క్షణమువరకు నడచినది. వదలిన అధికమాస శేషమే ఈ నడిమి యెడము. ఆ శేషమును పారవేయక భద్రపరచినవాడే పిమ్మటి అధికమాసమెన్నడో చెప్పగలడు.

ఇన్ని లక్షల దినములలో ఒక దినము జాఱిపోయినను కనిపెట్టుటకు వారము సాక్షి. కలియుగము శుక్రవారముతో మొదలైనది. 13,14,909ని 7 చే భాగింపగా 1 మిగులును. శుక్రవారము పిమ్మట ఒకటి, శనివారము. ఆ పాడ్యమి శనివారము కావలెను. కానిచో క్షయతిథుల శేషమువలన ఒక దినము ఎక్కువయో తక్కువయో వచ్చినదని గణకుడు సవరించుకొనును. యుగములకును ఇదే పరీక్ష. మహాయుగము బుధవారమున లంకాసూర్యోదయముతో మొదలైనదని ఆర్యభటుని మతము. యుగపాదమునకు 39,44,79,375 దినములు. ఏడింట మిగులు 3. మూడు పాదములకు 9, అందు 7 పోగా 2. బుధవారము పిమ్మట రెండు దినములు జరుపగా కలికి శుక్రవారమే వచ్చును. దాని ముందటి గురువారమును భారతవీరుల గురువారముగా ఆయన సూచించెను.

ఆయనకు నింద తెచ్చిన మాట ఈ పాదముల లెక్కలోనే యున్నది. స్మృతులును, పురాణములును చెప్పు యుగభాగములు సమానములు కావు. కృతయుగము 17,28,000, త్రేత 12,96,000, ద్వాపరము 8,64,000, కలి 4,32,000. ధర్మము నాలుగుపాదములనుండి ఒక పాదమునకు తరుగునట్లు కాలమును తరుగుచుండును. ఆర్యభటుడు దీనిని విడిచి, నాలుగు పాదములను సమానముగా, ఒక్కొక్కటి 10,80,000 సంవత్సరములుగా పంచెను. అంతటితో ఆగక, మనువునకు 71 మహాయుగములు, నడుమ సంధులు, మొత్తము కల్పమునకు 1,000 అను లెక్కను విడిచి, మనువునకు 72, పదునలువురు మనువులకు 1,008 మహాయుగములని, సంధులు లేకుండ చేసెను. ఈ చొప్పున కల్పారంభమునుండి కలియుగారంభమునకు ఆరుగురు మనువులు, 27 మహాయుగములు, మూడు పాదములు. అనగా 198,61,20,000 సంవత్సరములు.

ఇది గర్వముచే చేసిన పని కాదు. కలియుగారంభమున గ్రహములన్నియు మేషాదియందు కలిసియుండెనని ఆయన గణితమునకు పునాది. స్మృతిమతమున అప్పటికి మహాయుగమున పదింట తొమ్మిది పాళ్లు గడచినవి. యుగమున శని భగణములు 1,46,564. వానిలో పదింట తొమ్మిది పాళ్లు 1,31,907 భగణములును, మరి 216 భాగలును. శని మేషాదికి రాడు. సమపాదములు తీసికొనినచో మూడు పాదములకు శని భగణములు 1,09,923, శేషము సున్న. గురుని 3,64,224, కుజుని 22,96,824, చంద్రుని 5,77,53,336, వేనిని నాలుగుచే భాగించినను శేషముండదు. ఆకాశము స్మృతిలెక్కకు ఒదుగనపుడు లెక్కనే మార్చుకొనవలెనని ఆయన తలంచెను. స్మృతిని విడువనొల్లనివారు వేరు దారులు వెదకిరి. నేడు దొరకు సూర్యసిద్ధాంతము సృష్టికి పట్టిన కాలమని 1,70,64,000 సంవత్సరములు ముందే త్రోసివేసి, పిమ్మట లెక్క మొదలిడును. అది ఒప్పుకొనదగిన ఉపాయమే గాని, పద్దు కుదురనప్పుడు వేయు సర్దుబాటువలె కనబడును. ఆర్యభటుని మార్గమున సర్దుబాటు లేదు.

628లో భిల్లమాలవాసియైన బ్రహ్మగుప్తుడు, తనకు ముప్పదియేండ్ల ప్రాయమున, బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమును రచించి అందొక అధ్యాయమునే పరమతపరీక్షకు కేటాయించెను. ఆర్యభటుని సమపాదములు స్మృతివిరుద్ధములనియు, 1,008 యుగముల కల్పము స్మృతివిరుద్ధమనియు, భూమి తిరుగుననుట యుక్తివిరుద్ధమనియు దూషించెను. ఆ దూషణమున వేడి యెక్కువ. అయితే బ్రహ్మగుప్తుడు సామాన్యుడు కాడు. శూన్యముతో సంకలన వ్యవకలనములను నియమబద్ధము చేసిన ప్రతిభాశాలి. ఆయన స్మృతిని రక్షించుటకై గ్రహములన్నియు కల్పారంభమున మాత్రమే కలియుననెను. అందువలన ప్రతి లెక్కకును 432 కోట్ల సంవత్సరముల కల్పమును మోయవలసివచ్చెను.

భూభ్రమణ విషయమున తరువాతివారు ఇంకొక విచిత్రము చేసిరి. ప్రాణమునకు ఒక కల తిరుగునది భూమి అని చెప్పుటకు ఆచార్యుడు ప్రయోగించిన భూః అను పదమును భం అని దిద్ది, తిరుగునది నక్షత్రమండలమని చెప్పిన వ్యాఖ్యాతలు కలరు. గురువునందలి భక్తిచేతనే ఆ దిద్దుబాటు! కాని పడవ ముందుకు సాగునపుడు ఒడ్డునున్నవి వెనుకకు పోవునట్లు తోచు దృష్టాంతమును గోళపాదమున ఆయనయే చెప్పియుండగా, అంకెయు 158,22,37,500 అని గీతికాపాదమున భూమి పేరనే నిలిచియుండగా, ఒక్క అక్షరమును దిద్దుటవలన దాగినది లేదు. ఆ యంకెతో యుగదినములను భాగించి చూచిన భూమి యొకసారి తిరుగుటకు 23 గంటల 56 నిమిషముల 4 సెకనులగును. నేటి యంత్రములు చూపు కాలమును సెకను లోపలి తేడాతో ఇంతియే.

ఆయనయే రెండు మతములు చెప్పెనని వరాహమిహిరుడు పంచసిద్ధాంతికయందు గుర్తించెను: ఒకచోట దినము లంకయందు అర్ధరాత్రమున మొదలగుననియు, వేరొకచోట సూర్యోదయమున ననియు. దీనిని చంచలత్వముగా భావించువారు లెక్క వేసి చూడవలెను. ఔదయిక పక్షమున యుగదినములు 157,79,17,500. అర్ధరాత్రపక్షమున 157,79,17,800, మూడువందలు ఎక్కువ. 1,200 చే భాగింపగా మొదటిదానికి 13,14,931¼, రెండవదానికి 13,14,931½. మొదటిది శుక్రవారపు సూర్యోదయమునుండి, రెండవది అంతకు 15 ఘటికలు ముందు, గురువారము రాత్రి నడిజామునుండి. ఒకదానికి ఉదయమునుండి 15 ఘటికలు, వేరొకదానికి అర్ధరాత్రమునుండి 30 ఘటికలు జరుపగా రెండును ఒకే క్షణమున కలియును: 499 మార్చి 21, ఆదివారము, మిట్టమధ్యాహ్నము. ముప్పదియారు వందల యేండ్ల ఎడమున రెండు వేర్వేరు కొలతలను ఒక బిందువునకు చేర్చినవాడు ఆ బిందువును ముందే యెన్నుకొని, అచటినుండి వెనుకకు లెక్క కట్టెనని తోచక మానదు.

దోషము లేదా యనిన, కలదు. ఆయన సంవత్సరము 365 దినముల 15 ఘటికల 31 విఘటికల 15 గురువర్ణములు. అనగా 365 దినముల 6 గంటల 12 నిమిషముల 30 సెకనులు. నక్షత్రముల దృష్ట్యా నిజమైన సంవత్సరమునకంటె ఇది 3 నిమిషముల 20 సెకనులు ఎక్కువ. అల్పమే యనిపించును, 432 ఏండ్లకు ఒక దినమగును. 1,500 ఏండ్లకు మూడున్నర దినములు. చాంద్రమాసమున మాత్రము ఆయన తప్పు ఒక సెకను లోపలనే. అందుచేత గ్రహములు కాలక్రమమున లెక్కకు దూరమగుట చూచి, 683లో కేరళదేశమున హరిదత్తుడు బీజసంస్కారము చేసి పరహితమను పద్ధతిని ఏర్పరచెను. 1431లో పరమేశ్వరుడు దృగ్గణితమున మరల సవరించెను. మూలపుటంకెలను వారు తుడిచివేయలేదు. వాని ప్రక్కనే సవరణ వ్రాసికొనిరి.

665లో, అరువదియేడేండ్ల వయస్సున, బ్రహ్మగుప్తుడు ఖండఖాద్యకమను కరణగ్రంథమును రచించెను. వివాహాదులకు నిత్యము పనికివచ్చునట్లు, ఆర్యభటునితో సమానమైన ఫలము తేలికగా లభించుటకే దానిని చేయుచున్నానని అందు చెప్పుకొనెను. అందలి మూలసంఖ్యలు తన సిద్ధాంతమువి కావు, ఆర్యభటుని అర్ధరాత్రపక్షమువి. ముప్పదియేండ్లనాడు దూషించిన పెద్దను ముదిమిలో ఆశ్రయించుట ఆయనకును గౌరవమే.

ఆర్యభటీయపు తాటాకులు కేరళమున ఎక్కువగా నిలిచినవి. 1874లో హాలండు దేశపు లైడెను నగరమున కెర్ను పండితుడు పరమేశ్వరుని వ్యాఖ్యతో దానిని ముద్రించెను. తెనుగున కోదండరాముడను పండితుడు దానికి వ్యాఖ్య వ్రాసెను. ఆచార్యుడు జన్మించి 1,500 సంవత్సరములు నిండిన 1976లో శుక్లా, శర్మ పండితుల పరిష్కరణమున ఢిల్లీనుండి మరల వెలువడినది. అర్ధరాత్రపక్షమును చెప్పిన ఆయన రెండవ గ్రంథము మాత్రము నశించినది. దాని యంకెలు నేడు దొరకుచున్నది భాస్కరుని మహాభాస్కరీయమునను, బ్రహ్మగుప్తుని ఖండఖాద్యకమునను.